చేబదులు, తోడు, చెలిమి: నారాయణఖేడ్ సీమ నుంచి తెలుగు గృహిణి కథను చదవడం

వ్యాస సంగ్రహం

తెలుగు కథలో గృహిణి పొదుపును విమర్శ రెండు రకాలుగా చదివింది. తొలి తరం దాన్ని సుగుణమంది. స్త్రీవాద తరం దాన్ని చాకిరీలో భాగంగా చూసింది. పొదుపు ఒక ఇంటి గోడల మధ్య జరిగే పనిగా కాక, రెండిళ్ల మధ్య నడిచే వ్యవహారంగా ఎలా ఉంటుందో ఈ రెండు పఠనాలూ పెద్దగా పట్టించుకోలేదు. నారాయణఖేడ్ సీమలోని గృహజీవనపు మాటలను, వస్తువులను ఆధారం చేసుకుని, ఎంపిక చేసిన కథలను తిరిగి చదివి, పాతకాలపు గృహిణుల స్నేహానికి పొదుపే భాష అయిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ భాషకు కులం గీసిన ఎల్లలను కూడా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: గృహిణి, పొదుపు, చేబదులు, తోడు, స్త్రీల స్నేహం, బొంత, నారాయణఖేడ్, స్త్రీవాద విమర్శ.

ఉపోద్ఘాతం

భండారు అచ్చమాంబ 1902లో రాసిన 'ధనత్రయోదశి'లో పేదింటి ఇల్లాలు పండగపూట కూడా పరుల సొమ్ముకు ఆశపడదు. దారి తప్పబోయిన భర్తను నిలబెడుతుంది. కథ బరువంతా ఆమెకూ భర్తకూ మధ్యనే ఉంటుంది. దాదాపు తొమ్మిది దశాబ్దాల తరువాత పి. సత్యవతి 'ఇల్లలకగానే'లో గృహిణి అలికి, కడిగి, తుడిచి, చివరికి తన పేరే మరిచిపోతుంది. మొదటి కథలో ఇంటిని నిలిపిన గుణమే రెండో కథలో మనిషిని మాయం చేసింది. ఈ రెండు కథల మధ్య తెలుగు స్త్రీవాద విమర్శ నడిచిన దూరం చిన్నది కాదు. ఇంటిపని పని అని, దానికి లెక్క ఉండాలని, 'ఇల్లాలు' అన్న బిరుదు వెనుక ఒక వ్యక్తి ఉందని చెప్పడానికి ఆ దూరం నడవక తప్పలేదు.

అయితే ఆ నడకలో ఒక విషయం పక్కకు పోయింది. పొదుపుగా బతికిన ఇల్లాలు ఒంటరిగా పొదుపు చేయలేదు. పొయ్యిలో నిప్పు, డబ్బాలో ఉప్పు, గిన్నెలో పెరుగు, పెట్టెలో పాత చీర ఇంకో ఇంటితో ముడిపడి ఉండేవి. ఆ ముడిని స్నేహం అనవచ్చా, లేక అది కేవలం అవసరమా? ఇది సామాజికశాస్త్రానికి సంబంధించిన ప్రశ్నగా కనబడినా, కథను చదివే పద్ధతిని మార్చే ప్రశ్న కూడా. పొరుగింటావిడ పాత్రను నేపథ్యంగా చదవాలా, సంబంధంగా చదవాలా అన్నది దీనిపై ఆధారపడి ఉంటుంది.

లోకోక్తులు ఈ విషయంలో ఆడవాళ్లకు న్యాయం చేయలేదు. 'అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు' అన్న సామెత స్త్రీకి స్త్రీయే పగ అన్న అభిప్రాయాన్ని స్థిరపరిచింది. 'పొరుగింటి పుల్లకూర రుచి' అన్నది అసంతృప్తిని వెక్కిరించే మాటగా వాడుకలో ఉంది. కానీ రెండో సామెతలో వెక్కిరింత కంటే ముందు ఒక సాక్ష్యం ఉంది: పొరుగింటి కూర రుచి తెలియాలంటే ఆ కూర గిన్నె ఈ గడప దాటి రావాలి. సామెత ఆ రాకపోకలను మామూలు సంగతిగా తీసుకుంది కనుకనే వాటి గురించి మాట్లాడలేదు. విమర్శ కూడా అలాగే చేసింది.

సీమ

ఈ చర్చకు నారాయణఖేడ్‌ను ఎంచుకోవడానికి కారణం దాని సరిహద్దు స్వభావం. హైదరాబాద్ రాష్ట్రంలో అది బీదర్ జిల్లాకు చెందిన తాలూకా. 1956 రాష్ట్రాల పునర్విభజనలో బీదర్‌లో అధిక భాగం మైసూరుకు, కొన్ని తాలూకాలు బొంబాయికి పోగా, నారాయణఖేడ్ తాలూకా, జహీరాబాద్ తాలూకాలో అధిక భాగం, న్యాల్‌కల్ సర్కిల్ ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. మెదక్ జిల్లాలో ఆరు దశాబ్దాలు ఉన్న నారాయణఖేడ్ 2016 అక్టోబరులో కొత్తగా ఏర్పడిన సంగారెడ్డి జిల్లాలో భాగమైంది. జిల్లాలు మారాయి, రాష్ట్రాలు మారాయి, వంటింటి మాటలు మాత్రం అంత తొందరగా మారలేదు. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, తండాల్లో లంబాడీ భాష ఒకే సంతలో వినిపించే చోటు ఇది. జొన్న, కంది, శనగ, పెసర ఇక్కడి తిండికీ పంటకూ ఆధారం. మంజీర దగ్గరలోనే పారుతున్నా చాలా పొలాలకు వాన మీదే ఆశ. వానను నమ్ముకున్న ఇంట్లో పొదుపు గుణం కాదు, కాలజ్ఞానం. ఏ నెలకు ఏ గింజ మిగలాలో తెలియడమే ఆ ఇల్లాలి చదువు.

తెలుగు కథాచరిత్రలో గృహిణి చిత్రణ ఎక్కువగా కోస్తా పట్టణాల నుంచి, మద్రాసు, హైదరాబాద్ మధ్యతరగతి ఇళ్ల నుంచి వచ్చింది. ఆ ఇళ్లలో జీతం నెలకోసారి వస్తుంది, సరుకు దుకాణం నుంచి వస్తుంది. జీతపు ఇంటి పొదుపు, గింజల ఇంటి పొదుపు ఒకటి కావు. మొదటిదానిలో ఇల్లాలు భర్త ఇచ్చిన మొత్తాన్ని సర్దుతుంది. రెండోదానిలో ఇంటికి వచ్చిన పంటలో ఏది తిండి, ఏది విత్తనం, ఏది బదులు తీర్చడానికి అని విడదీస్తుంది. విమర్శ ఈ తేడాను గుర్తించకుండా 'గృహిణి' అన్న ఒకే మాటతో రెండింటినీ కొలిచింది.

బదులు, తోడు

ఈ సీమ స్త్రీల మాటల్లో స్నేహితురాలు 'సోపతి'. ఉర్దూ 'సోహబత్' నుంచి వచ్చిన మాట. అప్పు తెచ్చుకునే సరుకు 'బదులు', 'చేబదులు'. అదీ అరబీ మూలం నుంచి ఉర్దూ ద్వారా వచ్చిందే. తెలుగులో 'బదులు'కు మూడు అర్థాలు నిలిచాయి: తిరిగి ఇవ్వవలసిన సరుకు, ఒకరు అడిగినదానికి జవాబు, ఒకదాని స్థానంలో మరొకటి. మూడూ పరస్పరతను సూచిస్తాయి. చేబదులు తీసుకున్న ఇల్లాలు ఒక మాటకు జవాబు బాకీ పడ్డట్టే.

బదులుకు నియమాలున్నాయి. అంచుకు సమంగా కొలిచి తెచ్చుకున్న పిండిని తిరిగి ఇచ్చేటప్పుడు కాస్త పొంగించి ఇవ్వడం మర్యాద. కూర తెచ్చిన గిన్నెను ఖాళీగా పంపరు. అందులో నాలుగు మిరపకాయలైనా వేస్తారు. దీపం పెట్టాక ఉప్పు, సూది, పాలు, పెరుగు బయటికి ఇవ్వరు. ఇది మూఢనమ్మకమని కొట్టివేయడం సులువే. కానీ, అడగడానికీ కాదనడానికీ ఒక వేళను నిర్ణయించి, కాదన్న మనిషి మీద నింద పడకుండా చేసే ఏర్పాటు అందులో ఉంది. పిసినారి అన్న పేరు రాకుండా మిగిలిన పాలను పిల్లలకు దాచుకునే వీలు ఆ నియమం ఇచ్చింది.

మార్సెల్ మోస్ 1925లో దానం గురించి రాసిన ప్రసిద్ధ గ్రంథంలో ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం అనే మూడు బాధ్యతలను చూపాడు. వంటింటి బదులు ఆ చట్రంలో ఇమిడిపోతుంది. ఇమడనిది మరొకటి ఉంది. అది తోడు. పాలు తోడు వేయడానికి పొరుగింటి నుంచి చెంచాడు పెరుగు తెచ్చుకోవడం ఈనాటికీ ఉన్నదే. కోస్తాలో దీనికి చేమిరి అన్న మాట కూడా ఉంది. తోడును కొలిచి తిరిగి ఇవ్వరు. రేపు ఆ ఇంట్లో పెరుగు లేకపోతే ఈ ఇంటి పెరుగే అక్కడికి తోడుగా పోతుంది. ఎవరి పెరుగు ఎవరిదో కొన్నాళ్లకు చెప్పలేం. మనిషికి మనిషి ఆసరాకూ ఇదే పేరు. బదులులో లెక్క ఉంది, తోడులో లెక్క లేదు. పాతకాలపు గృహిణుల స్నేహం ఈ రెంటి మధ్య కదులుతుంది. లెక్క సరిగ్గా ఉన్నన్నాళ్లూ ఇరుగుపొరుగు, లెక్క మరిచిన రోజున సోపతి. కథను చదివేటప్పుడు ఏ సన్నివేశంలో లెక్క ఆగిపోయిందో చూడటం ఈ వ్యాసం సూచించే పఠన పద్ధతి.

కథల్లో స్నేహితురాలు ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ పద్ధతితో చూస్తే 'ఇల్లలకగానే'లో ఒక విశేషం కనబడుతుంది. పేరు మరిచిన గృహిణి ముందు తన చుట్టూ ఉన్నవారినే అడుగుతుంది. పనిమనిషికి ఆమె అమ్మగారు, పొరుగువారికి ఫలానా ఇంటావిడ, పిల్లలకు అమ్మ. పేరు తెలిసిన మనిషి చదువుకున్న రోజుల నుంచి వస్తుంది. చిన్ననాటి స్నేహితురాలు ఎదురై శారదా అని పిలిచినప్పుడు ఆమె తనకు తాను దొరుకుతుంది. స్త్రీ అస్తిత్వాన్ని స్త్రీ స్నేహమే కాపాడిందన్నది కథ బలం. ఆ స్నేహం పెళ్లికి ముందటిది, ఇంటికి బయటిది అన్నది కథ మౌనంగా ఒప్పుకున్న షరతు. పొరుగు ఇక్కడ విఫలమైంది. అది ఎందుకు విఫలమైందన్న ప్రశ్న విమర్శలో రావలసినంతగా రాలేదు. ఆ ఇంట్లో అన్నీ ఉన్నాయి. ఎవరినీ ఏదీ అడగవలసిన అవసరం లేదు. బదులు లేని ఇంటికి పొరుగు లేదు, పొరుగు లేని చోట పేరు పిలిచే నోరు లేదు. ఆ గృహిణి పేరును ఇంటిపని ఒక్కటే కాదు, స్వయంసమృద్ధి కూడా తుడిచిపెట్టింది. ఈ పఠనం కథలోని స్త్రీవాద సారాన్ని తగ్గించదు. దానికి ఒక ఆర్థిక కారణాన్ని జోడిస్తుంది.

ఓల్గా రచనల్లోనూ స్నేహానికి ప్రధానమైన చోటు ఇంటి బయటే. 1986 నాటి 'సహజ' స్నేహితురాళ్ల నవల. కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన 'విముక్త'లో సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను కలుసుకునేది రాజగృహపు హద్దులు దాటాకే. ఊర్మిళ ఒక్కతే ఇంటి మనిషి. ఆమె కూడా తలుపు మూసుకుని తనను తాను వెతుక్కున్నాకే సీతకు దారి చూపగలుగుతుంది. స్త్రీల పాటల్లో నిద్రపోయిన ఊర్మిళను ఓల్గా మేల్కొలిపిన తీరు గొప్పదే. అయినా, వంటింట్లో పక్కపక్కన కూర్చుని కందులు విసిరే ఇద్దరు ఆడవాళ్ల మధ్య జ్ఞానం పుట్టగలదా అన్న ప్రశ్నకు ఆ కథల్లో చోటు లేదు.

ఆ చోటు అబ్బూరి ఛాయాదేవి ఇచ్చారు. 'బోన్సాయ్ బ్రతుకు'లో పట్నంలో ఉన్న చెల్లెలు మురిపెంగా చూపించిన బోన్సాయ్ మొక్కను చూసి, అది ఆడదాని బతుకులా ఉందన్న తీర్పు చెప్పేది పెద్దగా చదువుకోని అక్క. సాధారణంగా ఈ కథను బోన్సాయ్ ప్రతీక కోసం చదువుతారు. ఆ మాట ఎవరి నోట వచ్చిందన్నది ప్రతీక కంటే ముఖ్యం. చెట్టును నీడకు, కాయకు, కట్టెకు అంచనా వేసే పాతకాలపు గృహిణి కన్ను అది. దేనికీ పనికిరాకుండా కురచచేసిన చెట్టు ఆ కంటికి వెంటనే తప్పుగా తోస్తుంది. ఆమె పొదుపు బుద్ధే ఆమె విమర్శనాశక్తి. ఛాయాదేవి స్వయంగా పనికిరాని వస్తువులతో బొమ్మలు చేసి, ఆ పని గురించి రాసిన రచయిత్రి అన్న సంగతిని ఈ కథతో కలిపి చూడటం అసందర్భం కాదు.

బొంత, కుట్టిన సీరియల్

పొదుపు నుంచి పుట్టిన వస్తువుల్లో ఇద్దరి చేతులు పడందే పూర్తికానిది బొంత. నారాయణఖేడ్ తెలుగువారికి అది బొంత, బీదర్ వైపు కౌది, మరాఠ్వాడా వైపు గోధడి. మూడు పేర్లు, ఒకే పని. చిరిగిన నూలుచీరలను పొరలుగా పరిచి, చుట్టూ మడిచి, అంచు నుంచి లోపలికి వరసలు వరసలుగా కుట్టుకుంటూ పోతారు. ఒక్క మనిషి కుడితే పొర జారుతుంది. నలుగురు నాలుగు వైపులా కూర్చుంటే బట్ట బిగువుగా ఉంటుంది. అందుకే అది మధ్యాహ్నం పూట, అరుగు మీద, మాటలతో పాటు సాగే పని. చనిపోయిన అత్త చీర, కూతురి మొదటి లంగా, పొరుగింటావిడ ఇచ్చిన పాత రవిక ముక్క ఒకే బొంతలో చేరతాయి. ఆ ఇంటికి రాతలో లేని చరిత్ర అది.

అమెరికన్ రచయిత్రి ఆలిస్ వాకర్ 1973లో రాసిన 'ఎవ్రీడే యూజ్' కథ ఇలాంటి బొంతల గురించే. చదువుకున్న పెద్దకూతురు వాటిని గోడకు తగిలించాలంటుంది. తల్లి వాటిని రోజూ కప్పుకునే చిన్నకూతురికి ఇస్తుంది. ఈ కథను తెలుగు విభాగాల్లోనూ పాఠంగా చర్చించదగ్గ కారణం ఒకటుంది. జానపద వస్తువును సేకరించి భద్రపరిచే పరిశోధకులు తాము పెద్దకూతురి పక్షమో, చిన్నకూతురి పక్షమో తేల్చుకోవాలి. బొంత కుట్టు వరసలను వర్ణించి, కుట్టిన నలుగురి మధ్య సంబంధాన్ని వదిలేసిన వ్యాసం పెద్దకూతురి పక్షం చేరినట్టే.

పత్రికల సీరియళ్లను కత్తిరించి కుట్టుకోవడం కూడా ఈ కోవలోదే. వారపత్రిక ఒక ఇంట్లో కొంటే నాలుగిళ్లు చదివేవి. నవల ముగిశాక ఆ పేజీలన్నీ విడదీసి, దారంతో కుట్టి, అట్టవేసి చేతులు మార్చుకునేవారు. తెలుగు నవలకు స్త్రీలలో పాఠకలోకం ఏర్పడిన చరిత్రను అమ్మకాల లెక్కలతో మాత్రమే చెప్పడం అందుకే సరికాదు. ఒక్కో ప్రతి వెనుక ఎన్ని చేబదుళ్లు నడిచాయో ఆ లెక్కల్లో ఉండదు. 1950ల నుంచి దశాబ్దాల పాటు మాలతీ చందూర్ ఆంధ్రప్రభ వారపత్రికలో నడిపిన 'ప్రమదావనం' శీర్షికలో పాఠకురాళ్ల ప్రశ్నలకు ఆమె రాసినవి కూడా బదుళ్లే. మరకలు పోగొట్టే ఉపాయం అడిగిన ఉత్తరానికీ, సంసారం చితికిపోతోందన్న ఉత్తరానికీ ఒకే పుటలో చోటు దొరకగలగడం ఆ శీర్షిక స్వభావం. దాన్ని వంటలకు, చిట్కాలకు పరిమితం చేసి చూసిన సాహిత్య చరిత్ర ఒక పెద్ద ఆధారాన్ని చేజార్చుకుంది.

బదులు ఆగిపోయే గడప

ఇంతవరకు చెప్పినదానిలో ఒక ప్రమాదం ఉంది. పాత పొరుగు అంతా ప్రేమమయమన్న భ్రమకు ఇది దారితీయవచ్చు. బదులు అందరి మధ్యా నడవలేదు. పచ్చి గింజ దాటే గడపను వండిన అన్నం దాటదు. ఒక ఇంటి మజ్జిగ ఇంకో ఇంటికి పోతుంది, ఆ ఇంటి నీళ్లు మాత్రం ఈ ఇంటికి రావు. ఊరికీ వాడకూ మధ్య సరుకు ఒకే దిశలో నడిచింది. అది బదులు కాదు, దయ అనిపించుకున్న కూలి. తిరిగి ఇచ్చే హక్కు లేని చోట స్నేహం లేదు.

ఇక్కడ గోగు శ్యామల కథలు అనివార్యమవుతాయి. ఆమెది తాండూరు ప్రాంతం. నారాయణఖేడ్ బీదర్ నుంచి వచ్చినట్టే తాండూరు 1956లో గుల్బర్గా నుంచి తెలుగు రాష్ట్రంలోకి వచ్చింది. రెండూ ఒకే రకపు సరిహద్దు సీమలు. ఆమె సంపుటానికి పేరైన 'ఏనుగంత తండ్రికన్నా ఏకుల బుట్టంత తల్లి నయం' అన్న సామెత పొదుపును తల్లి పక్షాన నిలబెడుతుంది. ఏకుల బుట్ట అంటే వడకబోయే దూది, అంటే రేపటి బట్ట. మాదిగ వాడ స్త్రీలకు ఇల్లు, పొలం అన్న విభజన లేదు. కనుక వారి పొదుపు వంటింట్లో మొదలు కాదు. జూపాక సుభద్ర 'కొంగు' కవిత ఇదే విషయాన్ని ఒక్క వస్తువుతో తేల్చింది. అగ్రవర్ణ గృహిణికి మర్యాదకు కాపలా అయిన కొంగు శ్రమచేసే స్త్రీకి పనిముట్టు, తోడు. ఒక కొంగుకు ఇన్ని పనులు అప్పజెప్పడం కంటే పెద్ద పొదుపు ఉండదు. అయినా ఆ కవితను పొదుపు గురించిన చర్చలో ఎవరూ ఉదాహరించరు. 'గృహిణి' అన్న మాటను మధ్యతరగతికి అప్పగించేయడం వల్ల వచ్చిన లోటు ఇది.

పొదుపు వల్ల ఎవరు ఎంత కోల్పోయారన్న లెక్క కూడా వదలరానిది. అందరూ తిన్నాక అడుగంటినది తినడం, మందు కొనకుండా నొప్పి ఓర్చుకోవడం పొదుపు ఖాతాలోనే జమ అయ్యాయి. అటువంటి సర్దుబాటును స్నేహంతో కప్పి అందంగా చూపే కథలు బలహీనమైన కథలు. సత్యవతి, ఛాయాదేవి ఆ బలహీనతకు లొంగలేదు.

పొదుపు మాటకు కొత్త యజమానులు

1990ల తరువాత 'పొదుపు' అన్న మాట వంటింటి నుంచి ప్రభుత్వ పథకంలోకి మారింది. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి రాజుకున్న సారా వ్యతిరేకోద్యమం తరువాత స్త్రీలు రోజుకో రూపాయి దాచుకునే సంఘాలు రాష్ట్రమంతా విస్తరించాయి. డ్వాక్రా, వెలుగు, ఇందిరా క్రాంతి పథం అంటూ పేర్లు మారాయి. 2010 నాటి సూక్ష్మరుణ సంక్షోభంలో అదే సంఘం అప్పు వసూలుకు ఒత్తిడి సాధనమైంది. ఒకామె వాయిదా కట్టకపోతే తక్కినవారు ఆమె గడప ముందు కూర్చోవలసి వచ్చింది. సామూహిక హామీ అంటే పొరుగును పూచీకత్తుగా పెట్టడమే. చేబదులులో కాదనడానికి ఒక వేళ ఉండేది, వాయిదాకు అది లేదు. ఈ మార్పును సాహిత్యంలో పరిశోధించేవారు అప్పుల బాధను మాత్రమే కాక, ఇద్దరు సోపతుల మధ్య ఏం జరిగిందో వెతకాలి.

దీనికి భిన్నమైన ఉదాహరణ పక్కనే ఉన్న జహీరాబాద్ ప్రాంతంలో దొరుకుతుంది. 1983లో పస్తాపూర్ కేంద్రంగా మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. 2008లో మాచనూరు నుంచి సంఘం రేడియో ప్రసారాలు మొదలుపెట్టింది కూడా వీరే. ఈ ఇళ్లలో విత్తనాన్ని బూడిద, వేపాకు కలిపి, మట్టితో మెత్తిన బుట్టల్లో దాస్తారు. జొన్న, కొర్ర, సామ, కంది, అనుములు ఒకే గదిలో ఉంటాయి. విత్తనం లేని ఇల్లు ఉన్న ఇంటి నుంచి తెచ్చుకుని, కోతలయ్యాక ఇంకొంత కలిపి తిరిగి ఇస్తుంది. అంతవరకు అది బదులే, లెక్క ఉంది. తిరిగి వచ్చిన గింజ మాత్రం వేరే నేల మీద, వేరే చేతుల కింద పండినది. ఇచ్చినామె బుట్టలో వచ్చే ఏడాదికి మిగిలేది అవతలామె పొలం గింజ.